రెండో ఎడబాటు

మైలవరం వైపు పెళ్లిచూపులకు వచ్చిన పెద్దలు కట్నకానుకల మాట ఎత్తేలోగా ఒక ప్రశ్న తప్పకుండా వేసేవారు. "పిల్ల ఎవరి దగ్గర పెరిగిందండీ?" అమ్మమ్మ దగ్గరంటే ఒక లెక్క, మేనత్త దగ్గరంటే ఇంకో లెక్క. అమ్మమ్మ పెంపకమైతే పనీపాటా వచ్చు, పెద్దాచిన్నా తెలుసు, కాస్త మొండి అని అర్థం. మేనత్త చేతిలో పెరిగిందంటే నోరెత్తదని అర్థం. కన్నతల్లి దగ్గరే పెరిగితే దాన్నెవరూ విశేషంగా చెప్పుకునేవారు కాదు. ఈ ప్రశ్న అంత మామూలుగా నోటికి వచ్చిందంటే, కన్నవాళ్లు ఒకరూ పెంచినవాళ్లు ఒకరూ కావడం ఈ ప్రాంతంలో అంత మామూలన్నమాట.

మా ఊరి చరిత్ర అడిగితే జమీందారుల గురించి చెబుతారు. పేరు మోసిన నాటక సమాజం గురించి చెబుతారు. పక్కనే ఉన్న కొండపల్లి కోట గురించీ, పొణికి చెక్క బొమ్మల గురించీ చెబుతారు. పాలు మరిచిన పిల్లలు ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఎవరి చంకనెక్కి వెళ్లారో మాత్రం చెప్పరు. నేను అలా వెళ్లిన పిల్లని. తర్వాత ప్రాథమిక పాఠశాలలో అలాంటి పిల్లలకే ఒకటో తరగతి చెప్పినదాన్ని. ఇప్పుడు మా వీధిలో అమెరికానుంచి వచ్చి దిగుతున్న చంటిపిల్లలను చూస్తున్నాను. ఈ తరాల పెంపకాలన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. బిడ్డను తల్లినుంచి దూరం చేయడం గురించి మనవాళ్లు ఎంతో కొంత ఆలోచించారు, జాగ్రత్తలు కూడా ఏర్పరచుకున్నారు. పెంచిన చేతుల్లోంచి బిడ్డను వెనక్కి తీసుకోవడమూ ఎడబాటేనని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆ రెండో ఎడబాటుకు మన దగ్గర ఏ జాగ్రత్తా లేదు.

ఈ ఆచారానికి కారణాలు ముందు నేలలో వెతకాలి. మైలవరం మెట్ట. కొండపల్లి కొండల వరస, ఆ కొండల నీళ్లు పట్టుకుని కొల్లేటికి పోయే బుడమేరు, చెరువుల కింద కాస్త వరి, మిగతాదంతా జొన్న, కంది, మిరప, మామిడి తోటలు. దక్షిణానికి దిగితే పల్లం. 1852లో మొదలుపెట్టి 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక గుడివాడ, పామర్రు తట్టు పొలాలకు కాలవ నీళ్లు అంది మాగాణులయ్యాయి. అప్పటినుంచి మెట్ట తండ్రులకు పల్లపు సంబంధం మీద మోజు పెరిగింది. కూతురు తెల్లన్నం తింటుందన్న ఆశ అది. ఆ ఆశకు వెనక ఇంకో సంగతి ఉండేది. పల్లంలో తాగేవి కాలవ నీళ్లు, చెరువు నీళ్లు. వానాకాలం వచ్చిందంటే కలరా భయం, విరేచనాల భయం. సరిగ్గా ఆ రోజుల్లోనే నాట్లు. ఇంట్లో నడవగలిగిన ఆడవాళ్లందరూ పొలం గట్టు మీదో, కూలీలకు వండే పొయ్యి దగ్గరో ఉండేవారు. చంటిపిల్లను చూసే దిక్కు ఉండదు. మెట్టలో అమ్మమ్మ ఉంది, మంచినీళ్ల బావి ఉంది. పిల్ల అక్కడికి చేరేది.

రెండో కారణం పురుడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతుర్ని తెచ్చుకుని, పురుడు పోసి, మూడో నెలలోనో అయిదో నెలలోనో చలిమిడి, ఉయ్యాల, పసుపు కుంకుమలతో బిడ్డాతల్లిని సాగనంపేవారు. అంటే పుట్టిన పిల్లకు ఒళ్లు తెలిసే మొదటి చేతులు అమ్మమ్మవి. కాళ్లు చాపుకుని పిల్లను కాళ్లమీద పడుకోబెట్టి, ఆముదం రాసి, నలుగు పెట్టి, కాగు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఉగ్గుగిన్నెతో ఉగ్గు పట్టేది ఆమే. బాలింత పథ్యంలో ఉంటుంది, పాలివ్వడమే ఆమె పని. తర్వాత ఏడాదిన్నరకో రెండేళ్లకో మళ్లీ కడుపు పండేది. వేపాకు ముద్ద పూసి పెద్దపిల్లకు పాలు మాన్పించేవారు. పాలు మానిన పిల్ల తల్లి కొంగు పట్టుకుని వదలదు. ఆ పిల్లను చంకనెత్తుకుని పోయే హక్కూ బాధ్యతా అమ్మమ్మవే. కొన్ని నెలలకని వెళ్లిన పిల్ల బడి ఈడు వచ్చేదాకా ఉండిపోయేది.

మూడోది చెప్పుకోవడానికి కష్టమైన కారణం. పురిట్లో తల్లులు పోయేవారు. తండ్రి ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకునేవాడు. సవతితల్లి చేతికి పిల్లను ఇవ్వడానికి అమ్మమ్మ మనసొప్పేది కాదు. పెద్దకులాల ఇళ్లలో చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన మేనత్తలు ఉండేవారు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ మార్పు మా మెట్ట ఊళ్ల లోపలికి రావడానికి తరాలు పట్టింది. ఈలోగా ఆ మేనత్తల చేతుల్లో ఎంతమంది పిల్లలు పెరిగారో లెక్కలేదు. తనకు పిల్లలు పుట్టే దారి మూసేసిన లోకమే, అన్నదమ్ముల పిల్లలను ఆమె ఒళ్లో పెట్టింది. ఆమె పెంచిన పిల్ల పెళ్లిలో పీటల మీద కూర్చోవడానికి గానీ, మంగళహారతి పళ్లెం పట్టుకోవడానికి గానీ ఆమెకు చోటుండేది కాదు. పెంచినతల్లికి దక్కని చోటు గురించి మాట్లాడేటప్పుడు ఆ మేనత్తలను తలుచుకోకుండా ఉండలేను.

ఇక ఆచారం నడిచిన తీరు. బిడ్డను ఒక్కసారిగా వదిలేయడం ఉండేది కాదు. తల్లి కూడా వచ్చి పదిహేను రోజులో నెలో ఉండేది. ఆ రోజుల్లో అన్నం పెట్టడం, నీళ్లు పోయడం, పక్కలో వేసుకోవడం ఒక్కొక్కటిగా అమ్మమ్మ చేతిలోకి మారేవి. తల్లి వెళ్లేటప్పుడు తాను కట్టి విడిచిన పాతచీర వదిలి వెళ్లేది. దాన్ని ఉతక్కుండా పిల్ల పక్కలో పరిచేవారు, ఉయ్యాలా ఆ చీరతోనే కట్టేవారు. పిల్ల బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటే దిష్టి తీసి, తాయెత్తు కట్టి, అప్పటికీ తగ్గకపోతే బండి కట్టి తల్లిని పిలిపించేవారు. ఎద్దుబండి మీద ఒకటి రెండు రోజుల దారి. సంక్రాంతికి తల్లి రావాలి, ఊళ్లో జాతరకు రావాలి, మామిడికాయల రోజుల్లో పచ్చళ్లకు రావాలి. పిల్లకు తల్లి మొహం మరుపున పడకుండా ఏడాది పొడుగునా ఏదో ఒక పండగ అడ్డం పడేది.

వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలా, చెప్పకుండా వెళ్లాలా అన్న దగ్గర మాత్రం రెండు పక్షాలుండేవి. చాలా ఇళ్లలో పిల్ల నిద్రపోయాక బండి ఎక్కేవారు, ఏడుపు చూడలేక. మా అమ్మమ్మది రెండో పక్షం. మా పిన్ని తన కొడుకును వదిలి వెళుతూ వాడు పడుకున్నాక లేద్దామంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "చెప్పి వెళ్లవే. ఏడిస్తే ఏడవనీ. చెప్పకుండా వెళితే రేపు నేను బావికి వెళ్లి నీళ్లు తెస్తానన్నా నన్ను నమ్మడు" అంది. వాడు గేదెల కొట్టం దాకా బండి వెంట పరిగెత్తి ఏడ్చాడు. అమ్మమ్మ వాణ్ణి ఎత్తుకుని అక్కడే నిలబడింది, ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా, ఏడుపు అయ్యేదాకా. ఆమె ఏ బడికీ వెళ్లలేదు.

నా సంగతి చెబుతాను. తమ్ముడు పుట్టే వేళకు నన్ను గుడివాడ తట్టునుంచి మైలవరం తెచ్చారు. నాకు ఆ రావడం గుర్తులేదు. అమ్మమ్మని అమ్మా అని పిలిచేదాన్ని, మా అమ్మని పిన్నులతో పాటు అక్కా అని పిలిచేదాన్ని. దీన్ని చూసి అందరూ నవ్వేవారు, మా అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వులో ఆమెకు ఎంత కష్టం ఉండేదో నేను తల్లినయ్యాక అర్థమైంది. అయిదో ఏడు దాటగానే బడిలో వేయాలని నాన్న వచ్చి తీసుకెళ్లాడు. బెజవాడ దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. కొండపల్లి ఏనుగు బొమ్మ ఒకటి కొనిపెట్టారు. అమ్మమ్మ బస్సు దగ్గరికి రాలేదు, వాకిట్లోనే ఆగిపోయింది. "అమ్మ దగ్గరికే కదే వెళుతున్నావు" అని అందరూ అన్నారు.

ఆ మాట నిజమే కాబట్టి నేను ఏడవడానికి కారణం ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు. గుడివాడ ఇంట్లో పెట్టింది తినేదాన్ని, చెప్పిన పని చేసేదాన్ని, పేచీ పెట్టేదాన్ని కాదు. బుద్ధిమంతురాలని మెచ్చుకున్నారు. రాత్రిపూట పక్క తడిపేదాన్ని. అమ్మ ఒళ్లోకి తీసుకుంటే కట్టెలా బిగుసుకునేదాన్నని ఆమే తర్వాత చెప్పింది. తమ్ముడు ఆమె మీద పడి దొర్లుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. మొదటిసారి నన్ను మైలవరంలో దింపినప్పుడు పాతచీర వదిలారు, నెల రోజులు ఉన్నారు, పండగలకు వచ్చారు. తిరిగి తీసుకెళ్లేటప్పుడు ఇవేమీ జరగలేదు. ఎందుకంటే అది విడదీయడమని ఎవరూ అనుకోలేదు, కలపడమని అనుకున్నారు.

ఇదే విషయం మీద లోకంలో జరిగిన పరిశోధన నేను ఉద్యోగంలో చేరాకే చదివాను. చదువుతుంటే మా అమ్మమ్మ వాకిలి కళ్లముందు కదిలింది. 1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పెరిగే పసిపిల్లలను పోల్చి చూశాడు. ఒకటి ఆడఖైదీల జైలు. అక్కడ నేరం చేసిన తల్లులే తమ బిడ్డలను పెంచుకునేవారు. ఇంకోటి శుభ్రమైన అనాథ శిశువుల ఆశ్రమం. అక్కడ తిండికీ మందుకూ లోటులేదు, ఎత్తుకునే మనిషికే లోటు. ఆశ్రమంలో ఉన్న 91 మంది పిల్లల్లో 34 మంది రెండేళ్లలోపే చనిపోయారు. జైల్లో పెరిగిన పిల్లలు మామూలుగా ఎదిగారు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ రాసిన నివేదిక ఈ సంగతిని ప్రభుత్వాల ముందుకు తెచ్చింది. బిడ్డ మనసు ఎదగాలంటే ఒక మనిషితో విడవని, ఆప్యాయమైన బంధం కావాలన్నది ఆ నివేదిక సారం.

బౌల్బీకి తన జీవితంలో తగిలిన మొదటి దెబ్బ తల్లినుంచి వచ్చింది కాదు. 1907లో లండన్‌లో ఒక పెద్ద శస్త్రవైద్యుడి ఇంట్లో పుట్టాడు. ఆ తరగతి ఇళ్లలో తల్లి రోజుకు ఏ గంటసేపో కనిపించేది. పెంచింది మిన్నీ అనే ఆయా. అతనికి నాలుగేళ్లు వస్తుండగా ఆమె పని మాని వెళ్లిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత దుఃఖమది అని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. తల్లి అదే ఇంట్లో ఉంది, అయినా ఆ పిల్లవాడికి తల్లిపోయింది. కన్నతల్లి ఉందిగా అని సరిపెట్టుకునే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి.

బౌల్బీ దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు. రెండున్నరేళ్లు కూడా నిండని లారా అనే పిల్ల చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా ఉంటుంది. తల్లినుంచి విడిపోయిన పిల్లలు మూడు దశలు దాటుతారని అతను గమనించాడు. ముందు ఏడుపు, గోల. తర్వాత దిగులు. ఆ తర్వాత ఎడమొహం, అంటే ఎవరినీ కావాలని అడగని, ఎవరు వెళ్లినా ఏడవని స్థితి. ఈ మూడో దశను చూసి పెద్దలు "అలవాటు పడింది" అని నిట్టూర్చి తేలికపడతారు. నిజానికి పిల్ల అప్పుడే ఎక్కువ దెబ్బతిని ఉంటుంది. నా ఒకటో తరగతిలో అలవాటు పడ్డ పిల్లలు చాలామంది ఉండేవారు. ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరు వచ్చినా తేడా లేకుండా చేయిపట్టుకుని వెళ్లిపోయేవారు.

జేమ్స్, అతని భార్య జాయిస్ ఆ తర్వాత చేసిన పని మా ఆచారానికి మరీ దగ్గర. తల్లి రెండో కాన్పుకు వెళ్లినప్పుడు పిల్లలు ఏమవుతారన్నదే వాళ్లు చూసింది. పదిహేడు నెలల జాన్‌ను శిశుసదనంలో తొమ్మిది రోజులు ఉంచారు. అక్కడి నర్సులు మంచివాళ్లే. అయితే డ్యూటీలు మారిపోతూ ఉండేవి. జాన్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేతులు చాచాడు, చివరికి ఒక పెద్ద బొమ్మ ఎలుగుబంటిని పట్టుకుని పడుకున్నాడు. తల్లి వచ్చినప్పుడు ఆమెనుంచి మొహం తిప్పుకుని కేకలు పెట్టాడు. ఇంకో నలుగురు పిల్లలను రాబర్ట్‌సన్ దంపతులు ఒకరి తర్వాత ఒకరిగా తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. ముందుగానే రాకపోకలు పెట్టి పరిచయం చేసుకున్నారు. పిల్ల దుప్పటి, బొమ్మలు, తల్లి ఫోటో వెంట తెచ్చుకున్నారు. రోజూ తల్లి మాట చెప్పుకున్నారు. ఆ పిల్లలూ బెంగపడ్డారు, కానీ జాన్‌లా కూలిపోలేదు. పాతచీర, నెల రోజుల పరిచయం, పండగ రాకపోకలు: మెట్ట అమ్మమ్మలు పాటించినవీ ఇవే.

మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు 1954లో ఉగాండా వెళ్లింది. కంపాలా చుట్టుపక్కల ఊళ్లలో పాలు మాన్పించే వేళ పిల్లను అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరికి పంపే ఆచారం ఉండేదని విని, దాని ప్రభావం చూడాలనుకుంది. వెళ్లేసరికి ఆ ఆచారం చాలావరకు పోయింది. బదులుగా తల్లీబిడ్డల మధ్య బంధం నెలనెలా ఎలా ముడిపడుతుందో చూసి రాసింది. ఆరేడు నెలలు వచ్చేసరికి పిల్ల ఫలానా మనిషి కావాలని ఎంచుకుంటుంది. ఆ మనిషి దగ్గరుంటే ధైర్యంగా నాలుగడుగులు దూరం పాకుతుంది, భయమేస్తే తిరిగొస్తుంది. అలా వెళ్లి వస్తూనే మాట, ఆట, తెలివి అన్నీ నేర్చుకుంటుంది. ఆ మనిషి మాయమైతే పిల్ల ఒంట్లో భయానికి సంబంధించిన రసాయనాలు ఎక్కువై, చాలాకాలం దిగకపోవచ్చు. నిద్ర, ఆకలి, ధ్యాస అన్నీ దెబ్బతింటాయి. పెద్దయ్యాక ఆ రోజులు గుర్తుండవు. మనుషులు నిలవరన్న అంచనా మాత్రం ఒంటిలో నిలిచిపోతుంది.

ఆ మనిషి కన్నతల్లే కానక్కర్లేదని మైకేల్ రట్టర్ అనే పరిశోధకుడు 1972లో వివరంగా చెప్పాడు. ఎవరో ఒకరితో బంధం ఏర్పడి తెగడం వేరు, ఎవరితోనూ బంధమే ఏర్పడకపోవడం వేరు అని విడమరిచాడు. రొమేనియా అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లతో బుకారెస్ట్‌లో 2000 తర్వాత జరిగిన అధ్యయనం దాన్ని కొలిచి చూపించింది. ఆశ్రమంనుంచి పెంపుడు కుటుంబాలకు మారినవాళ్లు తెలివిలోనూ, మనుషులతో కలవడంలోనూ కోలుకున్నారు. రెండేళ్లలోపు మారినవాళ్లు మరింత కోలుకున్నారు.

బిడ్డకు ఒక మనిషి కావాలన్న ఈ సంగతికి పూర్తిగా ఎదురుగా మన నేల మీద నడిచిన చరిత్ర ఒకటుంది, దాన్ని దాటి పోకూడదు. బెజవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం ఉంది. 1910ల్లో అక్కడా, బాపట్ల తట్టు స్టూవర్టుపురంలోనూ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాలను ప్రభుత్వం పెట్టించింది. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్ముకున్న జనం వాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి ఆ వ్యాపారం పోయింది. తిరిగే జనమంతా దొంగలన్న నెపంతో 1911 నేరస్థ జాతుల చట్టం వాళ్ల మీద పడింది. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. అంతకుముందు, 1897 సవరణలో ఆ వయసు నాలుగేళ్లు. తల్లిని చూసి పిల్ల చెడిపోతుందన్నది దొరల వాదన. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఒక పేద తల్లి ఒడిని నేరంగా చూసిన ఆ చట్టం నాకు మన ప్రాంత చరిత్రలోకెల్లా క్రూరమైన కాగితంగా కనిపిస్తుంది. అమ్మమ్మ పెంపకంలో పిల్ల ఒక మనిషి చేతినుంచి ఇంకో మనిషి చేతికి వెళ్లేది. ఆ సెటిల్‌మెంట్లలో మనిషి చేతినుంచి ఒక భవనంలోకి వెళ్లింది.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం చిన్నపిల్లల విషయంలో తల్లివైపు మొగ్గింది. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెప్పింది. తల్లిదండ్రులు విడిపోయిన కేసుల్లో అది మంచి రక్ష. అయితే అయిదేళ్లూ పెంచిన అమ్మమ్మకు ఆ లెక్కలో పేరు లేదు. మా ఊళ్లలోనూ లేదు. పల్లంలో కాన్వెంట్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, కాన్పులు ఇద్దరితో ఆగాయి, పురుళ్లు ఆసుపత్రికి మారాయి. 1980లు దాటేసరికి అమ్మమ్మ పెంపకాలు తగ్గాయి. ఇక ఆ కాలం అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. అమెరికా 1990లో చేసిన వలస చట్టంతో హెచ్-1బి వీసాలు వచ్చాయి. మా ఊళ్లో 1998లో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. మెట్టలో మామిడితోట అమ్మి పిల్లల్ని చదివించిన ఇళ్లనుంచి డాలస్‌కీ, న్యూజెర్సీకీ వెళ్లారు. అక్కడ కాన్పు అయితే 1993 నాటి చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, అదీ జీతం లేకుండా, అదీ 50 మందికి తక్కువ కాని కంపెనీల్లో. డేకేర్ ఖర్చు ఒక జీతాన్ని మింగేస్తుంది. పురుడు పోయడానికి వెళ్లిన అమ్మమ్మకు విజిటర్ వీసా మీద మామూలుగా ఇచ్చేది ఆరు నెలలు. ఆమె తిరిగి వచ్చేవేళకు నాయనమ్మా తాతయ్యా వెళతారు. ఆ ఆరు నెలలూ అయ్యాక ఇక వెళ్లేవారు లేరు. అప్పుడు ఏడాది నిండిన పిల్ల చంకనెక్కి హైదరాబాదులోనో గన్నవరంలోనో దిగుతుంది. పెంచిన చేతులు అప్పటికే రెండుసార్లు మారి ఉంటాయి. టొరంటోలో చైనా కుటుంబాలూ ఇలాగే పసిపిల్లలను స్వదేశానికి పంపుతుంటే, యార్క్ విశ్వవిద్యాలయంలోని ఇవోన్ బోర్ వాళ్లమీద అధ్యయనం చేసింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల తల్లుల పిల్లలదీ ఇదే కథ. వాళ్ల అమ్మమ్మల దగ్గర డబ్బు తక్కువ, అంతే తేడా.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పిల్లను పంపిన ఆ తల్లి రాత్రిళ్లు ఎలా పడుకుంటుందో నేను ఊహించగలను. మా అమ్మమ్మల కాలంలో పల్లపు నాట్లు ఎంత నిజమో, ఈమె ఉద్యోగమూ వీసా గడువూ అంత నిజం. ఆచారంలో మారింది దూరం. బండి కట్టి తల్లిని పిలిపించే వీలు పోయింది. పిల్లకు జ్వరమొస్తే తల్లి ఫోన్ తెరమీద కనిపిస్తుంది. ఇక్కడ తెల్లవారితే అక్కడ రాత్రి. పిల్ల తెరకు ముద్దు పెడుతుంది, తెర వాసన రాదు, ఎత్తుకోదు. సంక్రాంతికి రావాలంటే సెలవు ఉండాలి, వీసా స్టాంపింగ్ కుదరాలి. వెనకటి ఆచారాన్ని మనం ఉంచుకున్నాం, దానికి కాపలా ఉన్న రాకపోకలను పోగొట్టుకున్నాం.

తిరిగి తీసుకెళ్లే ఘట్టం మరీ ఘోరంగా మారింది. మా వీధిలో ఒక పిల్లవాడు పాకే వయసులో వచ్చాడు. తాతయ్య భుజం మీద ఊరంతా తిరిగాడు, అమ్మమ్మ కొంగుముడి నోట్లో పెట్టుకుంటేగానీ నిద్రపోయేవాడు కాదు. మూడేళ్లు నిండకుండానే ప్రీస్కూల్‌కని తల్లిదండ్రులు వచ్చారు. వారంలో బంధువుల ఇళ్లు, మొక్కుబడులు, షాపింగ్, ఆ తర్వాత విమానం. అక్కడికి వెళ్లాక తెరమీద అమ్మమ్మ పలకరిస్తే వాడు మొహం తిప్పుకుని వెళ్లిపోతున్నాడు. "అప్పుడే మరిచిపోయాడండీ" అని ఇంట్లోవాళ్లు నవ్వుతూ చెప్పారు. ఆవిడ నవ్వలేదు. వాడు మరిచిపోలేదని ఆమెకు ఎవరైనా చెప్పాలి. రాబర్ట్‌సన్ సినిమాలో జాన్ తొమ్మిది రోజులకే తల్లినుంచి మొహం తిప్పుకున్నాడు. కావాలనిపించి, అడిగి అడిగి, రానప్పుడు పిల్లలు చేసేది అదే.

అందుకని పిల్లలను పంపే ఇళ్లకూ, పెంచే ఇళ్లకూ నేను చెప్పేది ఒకటే. మెట్ట అమ్మమ్మలు మొదటి ఎడబాటుకు పెట్టుకున్న నియమాలన్నీ రెండో దానికీ పెట్టుకోండి. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు వారానికి కాదు, నెలకు తక్కువ కాకుండా రండి. ఆ నెలంతా మైలవరం ఇంట్లోనే ఉండండి, గుళ్లూ బంధువులూ తర్వాత చూసుకోవచ్చు. అన్నం ముద్దా, స్నానమూ, పక్కా ఒక్కొక్కటిగా అమ్మమ్మ చేతినుంచి అమ్మ చేతికి మారనివ్వండి. వీసా దొరికితే పిల్లతోపాటు అమ్మమ్మనూ తీసుకెళ్లండి, కొత్త ఇంట్లో మొదటి నెలలు ఆమె ఉండనివ్వండి. దొరక్కపోతే ఆమె కట్టి విడిచిన చీర ఉతక్కుండా పెట్టెలో పెట్టుకుని వెళ్లండి. పిల్ల మెలకువగా ఉండగానే, చెప్పి, ఏడవనిచ్చి బయల్దేరండి. అక్కడ రోజూ అమ్మమ్మ మాట ఎత్తండి, ఆమె పేరు చెప్పి పిల్ల ఏడిస్తే దాన్ని కృతఘ్నతగా చూడకండి. తెరమీద మొహం తిప్పుకుంటే అమ్మమ్మ ఫోన్ మానకూడదు. తన మాట వినబడుతూ ఉండాలి, పిల్ల చూసినా చూడకపోయినా.

ఇంకో మాట కన్నతల్లులకు. మీ ఒళ్లో బిగుసుకుపోయిన పిల్ల మిమ్మల్ని కాదనడం లేదు. ఒక మనిషికి దగ్గర కావడమెలాగో ఇంకొకరి ఒళ్లో నేర్చుకుని వచ్చింది, ఆ ఒడి ఒక్కసారిగా పోయింది. ఆ దుఃఖంలో మీరు పక్కన కూర్చుంటే, నెమ్మదిగా మీ దగ్గరా నేర్చుకుంటుంది. నాకు మా అమ్మ దగ్గర ఆ నెమ్మదితనం దొరికింది. నేను అక్కా అని పిలిచినన్నాళ్లూ ఆమె పలికింది, ఎన్నడూ దిద్దలేదు, సెలవులకు నన్ను మైలవరం పంపడం ఎన్నడూ మానలేదు. నాకు ఇద్దరు తల్లులు దక్కారంటే అది ఆమె పెద్దమనసు వల్ల. ఇప్పుడు అమెరికానుంచి వచ్చి వెళ్లే పిల్లలకు కూడా ఇద్దరూ దక్కవచ్చు. ఒకరిని చెరిపేస్తేనే ఇంకొకరు నిలుస్తారని పెద్దలు అనుకోకుండా ఉంటే చాలు.